శనివారం కచేరీ వెనక ఉన్నవాళ్ళకు

ఇక్కడ జర్మనీలో మా యూనివర్సిటీ విద్యార్థి ఆర్కెస్ట్రా వేసవి సెమిస్టర్ ముగింపు కచేరీ శనివారం బాగా జరిగింది. స్టేజీ మీద ఉన్నవాళ్ళకు చప్పట్లు అక్కడే అందాయి. అందనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

అందరికన్నా ముందు, హార్న్ (ఊదే ఇత్తడి వాద్యం) వాయించడానికి వచ్చిన మా పాత విద్యార్థికి. గురువారం రాత్రి మా హార్న్ అమ్మాయికి జ్వరం. వయొలిన్లలో ఇద్దరు రాకపోయినా ఎలాగో నెట్టుకొస్తాం, పదిమందీ వాయించేది ఒకటే కాబట్టి. కానీ మేం వాయించిన చెక్ స్వరకర్త డ్వొర్షాక్ ఎనిమిదో సింఫనీలో హార్న్‌లు నాలుగు, నాలుగింటికీ వేర్వేరు స్వరాలు. ఒకరు తగ్గితే బోయీ తగ్గిన పల్లకీయే. పైగా మొదట్లో చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటి వాద్యాలు) పాడే ఆ జి మైనర్ స్వరాల వరుసలోనే హార్న్ కలవాలి, ఆఖరి భాగంలో గొంతెత్తి ట్రిల్లులు (రెండు పక్క స్వరాల మధ్య వేగంగా ఊగడం) వేయాలి. దాచుకోవడానికి చోటే లేదు. ఆయన వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నారు. ఫోన్ చేస్తే "ఏ హార్న్, రెండోదా, నాలుగోదా?" అని మాత్రం అడిగి, శుక్రవారం సెలవు పెట్టి రైలెక్కారు. ఛార్జీలిస్తామంటే నవ్వి ఊరుకున్నారు. మా టెన్షన్ అంతా ఆయన మొదటి రిహార్సల్‌తోనే పోయింది.

టింపనీలు అరువిచ్చిన సంగీత పాఠశాలకు, వాటిని వ్యాన్‌లో తెచ్చిన మన గుంటూరు అన్నకు కూడా. ఆ రాగి డ్రమ్ములను అంచు పట్టుకుని ఎత్తకూడదని మాలో సగం మందికి తెలియదు, అన్నకు మాత్రం ఎలా తెలుసో!

నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయికి విడిగా చెప్పాలి. నేను నేర్చుకున్నది విజయనగరంలో. నేల మీద బాసిపట్టు వేసుకుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి, తీగలు స-ప-స-ప శ్రుతి చేసుకుని. ఇక్కడ తీగల శ్రుతే వేరు, కుర్చీ వేరు, అందరి కమానులూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి పోవాలి. స్వరం కనిపిస్తే గమకం వేసే నా చేతిని ఆమె సెమిస్టరంతా ఓపిగ్గా భరించింది. నా కోసం ప్రతి పేజీలోనూ పెన్సిల్‌తో కమాను గుర్తులు పెట్టింది. పేజీలు తిప్పిందీ తనే.

డ్వొర్షాక్ పోయింది 1904లో కాబట్టి కాపీరైట్ హక్కుల ఖర్చు లేదు. హాలు అద్దె, కండక్టర్ గారి పారితోషికం మాత్రం తప్పవు. ప్రవేశం ఉచితం, విరాళాల డబ్బాయే ఆధారం. విరామంలో మన తెలుగు కుటుంబాలు పెట్టిన పులిహోర, బూందీ లడ్డూల వల్ల ఆ డబ్బా బాగానే బరువెక్కింది. లడ్డూలు ముందు అయిపోతాయనుకున్నాం, జర్మన్లు పులిహోర మీద పడ్డారు. అక్కలందరికీ, పొద్దున్నే లేచి చింతపండు పులుసు కాచిన పిన్నిగారికి మా ఆర్కెస్ట్రా అంతటి తరఫున ధన్యవాదాలు.

రెండు స్టీలు డబ్బాలు, ఒక గరిటె మా రిహార్సల్ గదిలో ఉండిపోయాయి. ఎవరివో చెబితే ఇంటికి తెచ్చిస్తాను.