బావా, 9 గజాల కథ

ఒరేయ్ బావా,

నీకు రాసి మూడు నెలలు దాటింది, తప్పు నాదే, ఎన్ని తిట్టినా పడతాను. అమ్మ మోకాలు తగ్గింది, చిన్నది కొత్త స్కూల్లో కుదురుకుంది, నా ఉద్యోగం ఎప్పటిలాగే. మిగతావి ఫోన్‌లో. శనివారం జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ ఉత్తరం మీ నాన్నగారికి చదివి వినిపించు, తప్పకుండా.

మన బడిలో నీళ్ళ ప్లాంటు కోసం ఇక్కడ డల్లాస్‌లో మన వాళ్ళం గోల్ఫ్ టోర్నమెంట్ పెడుతున్నామని చెప్పాను కదా. కనిగిరి నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి నీకు నేను చెప్పాలా, మన బెంచీలో కూర్చున్న నలుగురి పళ్ళూ చాలు. 112 మంది ఆటగాళ్ళు చేరారు. జనం రావాలంటే ఏదో ఒక ఆకర్షణ ఉండాలి కాబట్టి ఒక హోల్ దగ్గర కారు నిలబెట్టారు. మొదటి దెబ్బకే బంతి నేరుగా గుంతలో పడితే కారు వాళ్ళదే. దాన్నే హోల్ ఇన్ వన్ అంటారు.

ఆ కారుకి డబ్బు ఎవరిస్తారు? షోరూం వాళ్ళు ఊరికే ఇవ్వరు. దానికే బీమా ఉంటుంది బావా, నాకూ ఈ ఏడే తెలిసింది. మామూలు ఆటగాడు అలా వేసే అవకాశం 12,500లో ఒకటి అని ఈ వ్యాపారంలో లెక్క వేస్తారు. 112 మంది తలా ఒక దెబ్బ కొడితే, ఇలాంటి టోర్నమెంట్లు 112 జరిగినప్పుడు సగటున ఒకసారి పడుతుందన్నమాట. మా కారు 35,000 డాలర్లు, ప్రీమియం 420. కమిటీలో పెద్దాయన ఒకరు "పడదులేవయ్యా, ఆ 420 కూడా ప్లాంటుకే వేద్దాం" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, కానీ నాకు కడుపులో తిప్పింది. పడితే? బోర్డు పెట్టి మాటిచ్చాక పడితే మన బడి డబ్బంతా ఆ కారుకే పోతుంది కదా. ఆ రాత్రి వాదించి వాదించి ఒప్పించాను.

ఒప్పించాక పాలసీ కాగితాలు నా చేతికే వచ్చాయి. మీ వరండాలో నాన్నగారు ఎల్ఐసీ బాండ్లు పరుచుకుని "సంతకం పెట్టే ముందు వెనక పేజీ చదవరా" అనేవారు, గుర్తుందా? వెనక పేజీలన్నీ చదివాను బావా. కొట్టే చోటు నుంచి గుంత దాకా మగవాళ్ళకి కనీసం 165 గజాల దూరం, ఆడవాళ్ళకి 135. పద్దెనిమిదేళ్ళు నిండిన ఇద్దరు సాక్షులు, ఆట ఆడనివాళ్ళు, రోజంతా అక్కడే ఉండాలి. చందా కోసం అమ్మే మల్లిగన్‌లు, అంటే డబ్బు కట్టి కొనుక్కునే రెండో దెబ్బలు, ఆ హోల్ దగ్గర చెల్లవు.

ఈ దూరం సంగతి చిన్నదనుకునేవు. 2015లో వెస్ట్ వర్జీనియాలో గ్రీన్‌బ్రయర్ క్లాసిక్ అని పెద్ద ప్రొఫెషనల్ టోర్నమెంట్ జరిగింది. పద్దెనిమిదో హోల్‌లో ఎవరైనా ఒక్క దెబ్బకు వేస్తే అక్కడ కూర్చున్న ప్రేక్షకులందరికీ తలా 100 డాలర్లు, రెండోసారి పడితే తలా 500 అన్నారు. ఒకే రోజు రెండుసార్లు పడింది! జనానికి దాదాపు 2 లక్షల డాలర్లు పంచారు. తీరా చూస్తే పాలసీలో కనీసం 150 గజాలని ఉంది, ఆ రోజు హోల్ పెట్టింది 137 గజాలకి. బీమా వాళ్ళు డబ్బు ఇచ్చేది లేదన్నారు, కోర్టు దాకా వెళ్ళింది. అది చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్.

అందుకే శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి రేంజ్‌ఫైండర్, అంటే దూరం కొలిచే పరికరం, పట్టుకుని వెళ్ళాను. గ్రౌండ్ వాళ్ళు రోజూ పొద్దున్నే గుంత, అందులో జెండా ఉండే చోటూ, టీ దగ్గర గుర్తులూ మారుస్తారు. టీ అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు, మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి ఒకటి. మగవాళ్ళ టీ నుంచి కొలిస్తే 171 వచ్చింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగి బండి దాకా వచ్చేశాను బావా. అప్పుడు బిళ్ళంగోడులో నీ కొలతలు గుర్తొచ్చాయి. నువ్వు ఆడేటప్పుడు ఒక కర్ర, నేను ఆడేటప్పుడు ఇంకో కర్ర! వెంటనే వెనక్కెళ్ళి ఆడవాళ్ళ టీ నుంచి కొలిచాను.

126.

మళ్ళీ కొలిచాను. 126. గ్రౌండ్ సూపర్‌వైజర్‌ని బతిమాలి గుర్తులు సరిగ్గా 9 గజాలు కాదు, ఇంకో రెండు కలిపి 11 వెనక్కి జరిపించాను. 137 అయింది. ఫోటో తీశాను, ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించాను. సాక్షులుగా వేసిన ఇద్దరు పిల్లలకి పదహారేళ్ళే అని తెలిసి వాళ్ళని మజ్జిగ పంచడానికి పంపి, మా పిన్నినీ పక్కింటి మాస్టారినీ కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం రెండున్నరకి నెల్లూరు అక్క వచ్చింది. నీకు తెలుసు, దసరాకి పూర్ణాలు పంపిస్తుందే, ఆవిడే. గోల్ఫ్ మొదలుపెట్టి మూడేళ్ళు. కొట్టింది. బంతి గ్రీన్, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, దానికి ముందే పడి, గట్టు మీద ఎగిరి, అవతలికి దొర్లిపోయింది. టీ దగ్గర నుంచి ఎవరికీ కనబడలేదు. నేను అటువైపే నీళ్ళ కేసు మోసుకెళ్తున్నాను. ముందు పిన్ని అరుపు వినిపించింది. కేసు అక్కడే పడేసి పరుగెత్తాను. గుంతలోకి చూస్తే తెల్లగా, కదలకుండా ఉంది.

అందరూ అక్కని ఎత్తుకుని గంతులేస్తుంటే నాకు కాళ్ళు వణికాయి. అక్క జట్టులో ఆడిన నలుగురి చేతా స్కోరుకార్డు మీద సంతకాలు, సాక్షుల వాంగ్మూలాలు, నోటరీ, ఫోటోలు, అన్నీ ఆ సాయంత్రమే అయ్యాయి. చీకటి పడ్డాక వెళ్ళి ఆ కారు బోర్డు నా చేత్తోనే పీకేశాను. 1987లో పెన్సిల్వేనియాలో టోర్నమెంట్ అయిపోయాక కూడా ఇలాంటి బోర్డు తియ్యకుండా వదిలేస్తే, రెండు రోజుల తర్వాత ఇంకెవరో వచ్చి ఒక్క దెబ్బకు వేశాడు. కోర్టు అతనికి కారు ఇవ్వాల్సిందే అంది.

అప్పుడు అక్క నా దగ్గరికి వచ్చి "తమ్ముడూ, కారు వద్దు, దాని డబ్బు ప్లాంటుకి ఇచ్చేయొచ్చా?" అని అడిగింది. నాకు మాట రాలేదు. బీమా వాళ్ళు ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం అక్కా అన్నానంతే. ఒప్పుకుంటే మనది ఒక్కటే కాదు, పక్క ఊరి బడికి కూడా... వద్దులే, ముందే అనుకోకూడదు.

బీమా వాళ్ళ మనిషి ఇవాళ నాలుగింటికి స్వయంగా కొలవడానికి వస్తున్నాడు. మూడు ఇరవై అయింది, ఇక్కడి నుంచి అరగంట దారి. నాన్నగారికి చదివావా? ఆయన ఏమన్నారో రాయి. ఇంకా బోలెడు ఉంది, రేంజ్‌ఫైండర్ బ్యాటరీ ఎక్కడ పెట్టానో, వెళ్ళొస్తా