కాళ్ళకు చక్రాలు, నోట గోవింద

వెర్మాంట్,
అక్టోబరు, బుధవారం మధ్యాహ్నం

ప్రియమైన సోడాబుడ్డికి,

నీ ఉత్తరం వినాయక చవితి మరునాడు అందింది. ఇప్పుడు ఇక్కడ మేపుల్ చెట్ల ఆకులు సగానికి పైగా రాలిపోయాయి. ఈలోగా మూడుసార్లు జవాబు రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి ఎవరో తలుపు తట్టారు, రెండోసారి నిద్ర ముంచుకొచ్చింది. మూడోసారి రాసిన రెండు పేజీలు ఎంత ఏడుపుగొట్టుగా తయారయ్యాయంటే, నువ్వు వాటిని మా అమ్మకు చూపించి వీధంతా కంగారు పెడతావని నేనే చించివేశాను. ఆలస్యానికి మన్నించు. ఈ రోజు మాత్రం నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయే సంగతి ఒకటి ఉన్నది.

ముందుగా క్షేమ సమాచారాలు ఒక్క గుక్కలో: పంటి నొప్పి తగ్గింది, గణాంకశాస్త్రం పరీక్ష తప్పలేదు, భోజనశాలలో పళ్ళేలు కడిగే పని వారానికి పది గంటలు చేస్తున్నాను, మీ అమ్మగారు పంపిన కందిపొడి అయిపోయింది, కెనడా వీసా ఇంకా రాలేదు. వీసా ఎందుకో తర్వాత చెబుతాను, మరచిపోతే గుర్తు చెయ్యి.

నేను అమెరికాలో స్కీ జట్టులో ఆడుతున్నానని నువ్వు ఊరంతా టముకు వేస్తున్నావని నీ ఉత్తరాన్ని బట్టి అర్థమయింది. దయచేసి ఆ వార్తను కొంత సవరించు. కొండ మీద నుంచి రివ్వున జారి దిగే స్కీయింగు ఆల్పైన్. మాది నార్డిక్. మడమను బిగించకుండా వదిలేసిన సన్నని స్కీలతో, చేతుల్లో పొడవాటి కర్రలతో, అడవిలో మిట్టలు ఎక్కుతూ దిగుతూ కిలోమీటర్ల కొద్దీ ఊపిరి తెగేదాకా పోవడమే మా ఆట. ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగిన బిల్ కోక్ 1976లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో 30 కిలోమీటర్ల పోటీలో రజతం గెలిచాడు. ఈ ఆటలో అమెరికాకు అదే మొదటి పతకం. ఆ తర్వాతి పతకానికి 42 ఏళ్ళు పట్టింది, 2018లో జెస్సీ డిగ్గిన్స్, కికన్ రాండాల్ కలిసి ఏకంగా స్వర్ణమే తెచ్చారు. మా జట్టులో చాలామంది మూడేళ్ళ వయసులోనే స్కీలు కట్టుకున్నవాళ్ళు. నేను మంచును మొదటిసారి చూసింది రెండేళ్ళ క్రితం, అంటే ఫోనులో చూపించినప్పుడు నువ్వు "అది ఉప్పా?" అని అడిగిన రోజున. మన ఊళ్ళో పరుగుపందేల్లో వచ్చిన రెండు పతకాల పుణ్యమా అని, సాధనకు ఒక్క రోజు కూడా మానకుండా వస్తే ఉండనిస్తానని మా కోచ్ ఒప్పుకున్నాడు. సాధనకు అన్నాడు, పోటీలకు అనలేదు. ఆ తేడాను ఊళ్ళో వాళ్ళకు చెప్పవలసిన అవసరం లేదులే.

మంచు నవంబరు సగానికి గాని నిలవదు. అప్పటిదాకా వారానికి పన్నెండు గంటల మంచులేని సాధన ఉంటుంది. కర్రలు పట్టుకుని దుప్పుల్లా కొండ మీదికి గెంతడం, ఆదివారాలు రెండున్నర మూడు గంటల నెమ్మది పరుగు, మధ్యలో రోలర్ స్కీలు. శ్రమకు ఇక్కడ ఒకటి నుంచి అయిదు దాకా మెట్లు కట్టారు. చాలా గంటలు ఒకటో మెట్టు మీదే గడపాలి, పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే ఒకటో మెట్టని గుర్తు. నన్ను చూశాక ఆ కొలత పనికిరాదని కోచ్ తేల్చేశాడు, ఎందుకంటే నేను మూడో మెట్టు మీద కూడా మాట్లాడుతూనే ఉన్నానట. నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు. తరగతి బయట నిలబెట్టిన రోజులు నేనూ మరచిపోలేదు.

రోలర్ స్కీ గురించి చెప్పకపోతే అసలు కథ అర్థం కాదు. మోచేతి నుంచి వేలి కొసదాకా పొడవుకు మరికాస్త ఎక్కువ ఉండే లోహపు పట్టీకి ముందొకటి, వెనకొకటి చక్రం ఉంటాయి. బ్రేకు మాత్రం ఉండదు. ఆగాలంటే పక్కనున్న గడ్డిలోకి అడుగు వేసి పరుగెత్తడమే మార్గం, గడ్డి లేకపోతే భగవంతుడే దిక్కు. కర్రల చివర గట్టి లోహపు మొనలుంటాయి, తారు రోడ్డు మీద అవి జారకుండా వారం వారం వజ్రపు ఆకురాయితో పదును పెట్టుకోవాలి. ఆ పని ఈ రోజు నేను ఇంకా చెయ్యలేదు.

సెప్టెంబరులో ఒక రోజు కొండ గెంతుల్లో ఊపిరి అందక, తెలియకుండానే నేను పైకి "గోవిందా" అన్నాను. నా వెనక గెంతుతున్న మా కెప్టెన్, మెయిన్ రాష్ట్రపు అమ్మాయి, అదేమిటని అడిగింది. మా ఊళ్ళో ఏడుకొండలు ఎక్కేటప్పుడు ఒకరు ఆ మాట అంటే మిగతావాళ్ళు బదులు పలుకుతారని, అలిపిరి నుంచి 3,550 మెట్లూ అలాగే ఎక్కుతారని చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా తల ఊపింది. ఆ మాటకు మనవాళ్ళు వాడే రెండో అర్థం మాత్రం నేను చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

ఇక అసలు విషయం. రెండు వారాల క్రితం మమ్మల్ని న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్‌ఫేస్ కొండకు తీసుకువెళ్ళారు. 1932లోనూ 1980లోనూ శీతాకాల ఒలింపిక్స్ జరిగిన లేక్ ప్లాసిడ్ దానికి దగ్గరే. ఆ కొండ మీదికి 1935లో ప్రారంభించిన ఘాట్ రోడ్డు ఒకటున్నది. టోలు గేటు దగ్గర మొదలై అయిదు మైళ్ళు, నూరడుగులకు ఎనిమిది అడుగుల లెక్కన ఎక్కి ఎక్కి, చివరికి ఒక రాతి కోట ముందు ఆగుతుంది. రోడ్డు తవ్వినప్పుడు వచ్చిన రాయితోనే ఆ కోటను కట్టారట. శరదృతువులో ఆ రోడ్డు మీద రోలర్ స్కీలతో ఎక్కే పోటీ జరుగుతుంది, దాని పేరు "క్లైంబ్ టు ది కాసిల్". బ్రేకులు లేని చక్రాలతో దిగడమన్న ప్రశ్నే లేదు కనుక, ఎక్కినవాళ్ళు దిగేది వ్యానుల్లోనే. ఈ పోటీకి ఎవరైనా పేరు ఇవ్వవచ్చు, అందువల్ల నేనూ ఇచ్చాను.

మొదటి మైలు ముగిసేసరికి నేను చివరివాణ్ణి. రెండో మైలు దగ్గర నాకు ముందున్న మనిషి వీపు మంచుతెరలో కలిసిపోయింది. ఇక మిగిలింది రోడ్డూ, రెండు పక్కలా స్ప్రూస్ చెట్లూ, నా కర్రల మొనలు తారును పొడిచే టిక్కు టిక్కు శబ్దమూ. ఏటవాలులో వాడే అడుగులో రెండు కర్రలూ ఒక కాలితో కలిసి పడతాయి, రెండో కాలు ఒంటరిగా పడుతుంది. "గో" అంటే కర్రలూ కుడికాలూ, "విందా" అంటే ఎడమకాలు. ఈ లెక్క నేను కనిపెట్టినది కాదు, అదే వచ్చి కూర్చున్నది. దాదాపు 2,300 అడుగుల ఎత్తు, అడుగుకొక గోవింద చొప్పున ఎన్ని అన్నానో మీ అవ్వ అయితే లెక్క పెట్టి ఉండేది.

మూడో మైలు తర్వాత వెనక నుంచి ఒక బండి నెమ్మదిగా వచ్చి నా పక్కన నడిచింది. చివరివాడి వెనక వచ్చే బండి అది. నడుపుతున్న పెద్దాయన అద్దం దించి, ఎంతో మర్యాదగా, కావాలంటే లోపల కూర్చోవచ్చునని, లోపల వెచ్చగా ఉన్నదని చెప్పాడు. సరిగ్గా ఆ క్షణంలో నాకు ఏమి గుర్తుకు వచ్చి ఉంటుందో ఊహించు. ఏడో మైలు! ఆంజనేయస్వామి విగ్రహం దాటాక, మెట్లదారి ఘాట్ రోడ్డును ఆనుకుని నడిచే చోట, నువ్వు రోడ్డు మధ్యలో నిలబడి చేతులు చాచి బస్సు ఆపడమూ, అది తిరుపతికి దిగే బస్సని కండక్టరు చెప్పడమూ, అప్పుడు మీ అవ్వ నీ చెవి మెలిపెట్టి "మొక్కుకునింది కాళ్ళతో రా, చక్రాలతో కాదు" అనడమూ అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలిచాయి. నేను నవ్వుతూ ఆ పెద్దాయనకు వద్దని చెప్పాను. ఆయన నాకు తల తిరుగుతున్నదేమోనని అనుమానపడి, నీళ్ళు తాగావా అని రెండుసార్లు అడిగాడు.

బండి వెనక్కి తగ్గిన తర్వాత ఒక సందేహం పుట్టింది. నేను ఎక్కుతున్నది కాళ్ళతోనే, కాని కాళ్ళకు నాలుగు చక్రాలున్నాయి. ఇది అవ్వ లెక్కలో ఏ పద్దులోకి వస్తుంది? నిజంగానే అడిగి రాయి, నవ్వులాట కాదు.

పైన రెండు పెద్ద మలుపులున్నాయి. అక్కడికి చేరేసరికి గాలి మారిపోయింది. వేళ్ళు కొయ్యబారాయి, చెమట చల్లబడి వీపుకు అతుక్కున్నది. నిజం చెప్పాలంటే ఆ రెండు మలుపుల మధ్య నేను ఏడ్చాను. నొప్పికి కాదు. ఏ పోటీలోనూ నన్ను దింపరని తెలిసీ ఈ పన్నెండు గంటలు ఎవరి కోసం చేస్తున్నానా అని... అది వేరే సంగతి, మరోసారి రాస్తాను.

చివరి మలుపు తిరిగాను. మంచుతెరలో నుంచి మొదట చప్పుడు వినిపించింది, మనుషులు తర్వాత కనిపించారు. ఎప్పుడో పైకి చేరి, ఉన్న కోట్లన్నీ తొడుక్కుని, నా కోసం మళ్ళీ నడుచుకుంటూ కిందికి దిగివచ్చిన మా జట్టు మొత్తం రోడ్డుకు రెండు వైపులా నిలబడి ఉన్నది. ఎడమ వైపువాళ్ళు "గోవిండా" అంటున్నారు, కుడి వైపువాళ్ళు "గోవిండ గోవిండ" అని బదులిస్తున్నారు. సాధారణంగా ఈ ఆటలో "హప్ హప్" అని అరుస్తారు. ఇదేదో కొత్త కేకని అనుకుని పక్కనున్న ఇతర కళాశాలల పిల్లలు కూడా అందుకున్నారు. ఒకాయన ఆవుమెడ గంట కూడా వాయించాడు! ఒరేయ్, అచ్చం గాలిగోపురం దగ్గర ఉన్నట్లే ఉన్నదిరా, ఒక్క కర్పూరం వాసనే తక్కువ.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే ఊపిరి పోతుంది, ఊపిరి పోతే లయ పోతుంది. ముగింపు గీతకు ఇరవై గజాల దూరంలో కుడి స్కీ ఎడమ స్కీ మీదికి ఎక్కి, ఊళ్ళో పెద్దమనిషి అరుగు మీద కూర్చున్నంత నిదానంగా నేను కింద పడ్డాను. రోలర్ స్కీలతో పడినవాడు నేరుగా లేవలేడు, ముందు మోకాళ్ళ మీదికి రావాలి, చక్రాలు వెనక్కి జారకుండా అడ్డంగా పెట్టుకోవాలి. నేను రెండు మోకాళ్ళ మీద ఉన్నాను. చుట్టూ ముప్పై నలభై మంది గోవింద పలుకుతున్నారు. సోడాబుడ్డీ, తిరుమల దారిలో జనం మోకాళ్ళతో ఎక్కే మోకాళ్ళ మిట్ట ఎక్కడున్నదని ఎవరైనా అడిగితే ఇక నుంచి రెండు చిరునామాలు చెప్పు.

గంటా ఇరవై నాలుగు నిమిషాలు. చివరి స్థానం. కుడి మోకాలి చర్మం కొంత న్యూయార్క్ రాష్ట్రానికి సమర్పించుకున్నాను.

వ్యానులో దిగుతున్నప్పుడు కెప్టెన్ ఒక సంగతి చెప్పింది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో 15 కిలోమీటర్ల పోటీలో మెక్సికోకు చెందిన హెర్మాన్ మద్రాసో అందరికంటే చివరన గీత దాటితే, అతని ముందు వచ్చిన టోంగా, మొరాకో, పోర్చుగల్ ఆటగాళ్ళు కాచుకుని ఉండి అతణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారట.  అదే పోటీలో మన జగదీష్ సింగ్ కూడా పరుగు తీశాడని నేను చెప్పాను. మెక్సికో ఆటగాడి పేరులో మద్రాసు ఉన్నదని కూడా చెప్పాను, దానికి ఎవరూ నవ్వలేదు. నువ్వు ఉంటే నవ్వేవాడివి.

అప్పుడు కోచ్ ఆ మాటకు అసలు అర్థమేమిటని అడిగాడు. దేవుడి పేరని చెప్పి అక్కడితో ఆగవచ్చు. నా నోరు ఆగుతుందా? ఏదైనా పూర్తిగా పోతే, చీటీ డబ్బు పోయినా, బస్సు తప్పినా, మావాళ్ళు ఆ మాటే అంటారని చెప్పేశాను. వ్యానులో క్షణం నిశ్శబ్దం, తర్వాత గోల. అప్పటి నుంచి మా గదిలో ఇక వేరే మాట లేదు. కర్ర విరిగితే గోవిందా, చక్రం ఊడితే గోవిందా. సోమవారం నాడు కోచ్ స్వయంగా గోడ మీది పలక మీద వారం పట్టిక రాసి, వాన వల్ల రద్దయిన సాధన పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాటే రాశాడు. దేవుడి పేరుతో పరాచికాలు పాపమేమోనని ఒక రాత్రి నిద్ర పట్టలేదు. మళ్ళీ ఆలోచిస్తే, మనం చేసినంత పరాచికం వీళ్ళు ఇంకా చెయ్యలేదు. అవ్వకు ఈ భాగం చదివి వినిపించకు.

వీసా సంగతి మరచిపోయాను. క్యుబెక్‌లో ఒక అడవిలో నిరుటి మంచును రంపపు పొట్టు కింద వేసవి అంతా దాచి, అక్టోబరు చివరనే పరిచి స్కీ చేయిస్తారు, జట్టు అక్కడికి వెళుతున్నది. ఈ రాష్ట్రంలోనే క్రాఫ్ట్స్‌బరీలో కూడా చెక్క పొట్టు కింద దాచే పద్ధతి ఉన్నది. వీళ్ళందరికీ అది మహా ఆశ్చర్యం. మన వీధి చివర ఐసు దిమ్మను పొట్టులో పూడ్చి, గోనెపట్టా కప్పి అమ్మేవాడు గుర్తున్నాడు కదా, వాడిని ఇక్కడికి పంపితే ఈపాటికి... సరే, వీసా వస్తే వెళతాను, రాకపోతే ఏమనాలో కోచ్‌కు ఇప్పుడు బాగా తెలుసు.

నీ పరీక్ష సంగతి, మీ చెల్లెలి పెళ్ళి సంగతి అడగనేలేదు, కోపగించుకోకు. మూడున్నర కావస్తున్నది, మొనలకు పదును పెట్టలేదు, హెల్మెట్ ఎక్కడున్నదో తెలియదు. వ్యాను వచ్చి కింద నిలబడింది, నన్నే పిలుస్తున్నారు. ఏమని పిలుస్తున్నారో

నీ
కిందికెళ్ళే బస్సు