పెద్దబాపు కార్నెట్ గురించి

హనుమకొండ

ప్రియమైన మిత్రమా,

మీ పెద్దబాపు వాయించిన కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి బాకా) ఫొటోలు అందాయి. అన్నేళ్లు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగిన వాయిద్యానికి ఆ మాత్రం మచ్చలు లేకపోతేనే అనుమానించాలి. అయితే దానిని మెరుగుపెట్టే బఫింగ్ చక్రానికి పట్టించి, పైన కొత్త లాక్కర్ (ఇత్తడిని కాపాడే పారదర్శకమైన పూత) కొట్టించాలన్న ఆలోచనను మాత్రం దయచేసి మానుకో. ఆ చక్రం పాత పూతతో ఆగదు, కింది ఇత్తడినీ అరగదీస్తుంది. బెల్ (విచ్చుకున్న మూతి) దగ్గర రేకు మందమే దాదాపు అర మిల్లీమీటరు. బ్యాండు వాయిద్యాలు తయారుచేసే మీరట్ జాలీ కోఠీలో పుట్టినదైనా, సీమ (ఇంగ్లండు) నుంచి వచ్చినదైనా, ముందుగా చెరిగిపోయేది దాని మీద చెక్కిన అక్షరాలే.

రెండో ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎడమచేయి పట్టుకునే చోట, వేళ్లతో నొక్కే వాల్వుల పక్కన, పూత సరిగ్గా వేళ్ల ఆకారంలో లేచిపోయి, మిగిలిన లాక్కర్ అంచులు పొలుసులుగా నిలబడి ఉన్నాయి. అది చెమటలోని ఉప్పు చేసిన పని. అక్కడి గోధుమరంగు గురించి నాకు బెంగ లేదు. కానీ నోటికి ఆనించే మౌత్‌పీస్ తగిలించే మొదటి గొట్టం మీద నల్లటి అంచుతో గులాబీ రంగు చుక్కలు కనిపిస్తున్నాయి. అవి ఇత్తడిలోని జింకు పోయి రాగి మాత్రమే మిగిలిన గుర్తులు కావచ్చు. ఈ జబ్బు తరచుగా లోపలి నుంచి బయటికి వస్తుంది కనుక ఎంత పాలిష్ పెట్టినా పోదు, ముదిరితే గొట్టం మార్చవలసిందే.

శుభ్రం చేయడానికి వాల్వులు, స్లైడ్లు (జరిపే గొట్టాలు) విప్పి, గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి కడుగు. నీళ్లు బాగా వేడిగా ఉంటే మిగిలిన పూత కూడా లేచిపోతుంది. వాల్వుల లోపల కదిలే పిస్టన్లకు పాలిష్ తగలనీయకు. వాటి చుట్టూ ఉండే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ, అది పెరిగితే గాలి కారి స్వరం నిలవదు. ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి తోమమని ఎవరైనా తప్పక సలహా ఇస్తారు. చిలుము పోయే మాట నిజమే, కానీ ఆ పులుపు, ఉప్పు అతుకుల్లో చేరితే కడిగినా పోవు, లోలోపల తింటూనే ఉంటాయి.

అమ్మోనియా ఉన్న పాలిష్ ద్రవం కూడా వద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా, లోహంలో మిగిలిన ఒత్తిడి కలిసి ఆ పగుళ్లు తెచ్చాయని 1921లో తేల్చారు. సొట్టలు పడిన మన కార్నెట్‌లోనూ అలాంటి ఒత్తిడి ఉంటుంది.

తడి పూర్తిగా ఆరిన తరువాత, పూత పోయిన చోట్ల మాత్రమే మెత్తటి గుడ్డతో పలుచగా మైనం రాస్తే చాలు. అప్పుడప్పుడు మళ్లీ రాయవలసి వస్తుంది, అంతే. సొట్టలకు పెంబర్తి ఇత్తడి పనివారిని అడుగుతానన్నావు. రేకును మలచడంలో వారికి సాటి లేరు గాని, గొట్టం లోపలి సొట్ట తీయడానికి లోపలికి పోయే ఇనుప గుండ్లు, కడ్డీలు కావాలి. బ్యాండు వాయిద్యాలు బాగుచేసేవారి దగ్గరికే వెళ్లు.

ఈలోగా మొదటి గొట్టంలోకి టార్చి వేసి చూసి, లోపల పసుపుపచ్చగా ఉందో ఎర్రగా ఉందో నాకు రాయి. వాల్వు నూనె కొనకు, నా దగ్గర ఉన్న సీసా పంపిస్తాను.

నీ మిత్రుడు