ఆ వంటకం కింద ఇంకో నాలుగు లైన్లు వెయ్యండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గ్రీకు పద్ధతి కైమా ఉండలు వేశారు. బ్రెడ్డు, మైదా లేకుండా చేస్తే కార్బోహైడ్రేట్లు తక్కువ, షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా తినవచ్చు అని రాశారు. మా ఆయనకి పదకొండేళ్లుగా షుగర్. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రాత్రిపూట అన్నం తగ్గించమని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి చపాతీ, గోధుమరవ్వ ఉప్మా, రాగి జావ మార్చి మార్చి పెడుతున్నాను. అన్నీ పిండే కదా, మీటరు మాత్రం దిగదు. అందుకే ఆ కాగితం కత్తిరించి దాచుకుని నెల రోజుల్లో నాలుగుసార్లు చేశాను. వంటకం మంచిది, మా ఇంట్లో నిలిచిపోయేలా ఉంది. కానీ దాని కింద వెయ్యాల్సినవి కొన్ని వెయ్యలేదు.

మొదటిసారి చేసినప్పుడు ఉండలు పెనం మీద విడిపోయి పొడి కూర అయిపోయాయి. బ్రెడ్డు తీసెయ్యమన్నారు గానీ, అది చేసే పని ఇంక దేనితో చేయించాలో రాయలేదు. గ్రీకులు కెఫ్తెడెస్ అనే ఈ ఉండల్లో ఎండిన బ్రెడ్డు నానబెట్టి, నీళ్లు పిండేసి కలుపుతారు. మనం కైమా ఉండల్లో పుట్నాలపప్పు పొడి వేస్తాం. రెండూ చేసేది ఒకటే. మాంసంలోంచి ఊరే నీటిని పట్టి ఉంచుతాయి, ఉండ విరగదు, గట్టిపడదు. (కెఫ్తే, మన కోఫ్తా ఒకే పారసీ మాటలోంచి వచ్చాయట. చేతిలో పని చూస్తే చుట్టరికం తెలుస్తూనే ఉంటుంది.)

మాది ఉద్దానం. కాశీబుగ్గలో ఇల్లు కట్టుకున్నా తోట ఊళ్లోనే ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి జీడిచెట్లన్నీ పడిపోయాయి, ఇప్పుడు జీడిపప్పు కొనుక్కుంటున్నాం. అయినా చెయ్యి జీడిపప్పు డబ్బా మీదికే పోతుంది కాబట్టి రెండోసారి ముక్కపప్పు పొడి కొట్టి నాలుగు చెంచాలు కలిపాను. ఉండ వెన్నలా వచ్చింది. తర్వాత లెక్క చూసుకుంటే 100 గ్రాముల జీడిపప్పులో కార్బోహైడ్రేట్లు 30 గ్రాముల దాకా ఉన్నాయి, పీచు చాలా తక్కువ. కంగారు పడ్డాను. తీరా చూస్తే నేను వేసింది 30 గ్రాములు, దానికి 9 గ్రాములు వస్తుంది. అరకిలో కైమాకి ఇరవై ఉండలు అయ్యాయి కాబట్టి ఉండకి అర గ్రాము కూడా పడదు. ఒక కప్పు అన్నంలో 40 గ్రాముల పైమాటే. అసలు తేడా పక్కన ఏం పెట్టుకుంటున్నామన్న దాంట్లో ఉంది. ఉండల్లో బ్రెడ్డు తీసేసి పళ్లెంలో రెండు హస్తాల అన్నం వేసుకుంటే ఏం లాభం? ఆ మాట మీరు రాసి ఉండాల్సింది.

ఇప్పుడు నేను జీడిపప్పు మానేసి అవిసె గింజల పొడి రెండు చెంచాలు, ఒక గుడ్డు వేస్తున్నాను. అవిసె గింజల్లో ఉన్న కార్బోహైడ్రేట్లు దాదాపు అంతా పీచే. తడి తగలగానే జిగురు పడతాయి. ఇంకో కిటుకు ఉప్పులో ఉంది. మా దగ్గర కత్తితో కొట్టిన కైమా బరకగా ఉంటుంది, కాబట్టి ఇంటికొచ్చాక మిక్సీలో రెండే రెండు తిప్పులు తిప్పాలి. ఉల్లిపాయ తురిమి, గుడ్డలో వేసి నీళ్లు పిండెయ్యాలి. ఉప్పు ముందే వేసి, చపాతీ పిండిలా ఐదు నిమిషాలు బాగా పిసకాలి. మొదట చేతికి చల్లగా, విడివిడిగా తగులుతుంది. కాసేపటికి అరచేతికి అంటుకుని, లాగితే దారాల్లా సాగుతుంది. అప్పుడు ఆపాలి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి పెనం మీద వేరుశెనగ నూనెతో వేయించుకోవచ్చు. అడుగు కాలి తనంతట తాను వదిలేదాకా తిప్పకూడదు. మేకమాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి కొంచెం కొవ్వు కలిపి కొట్టమని కొట్టువాడికి చెప్పాలి, లేకపోతే ఉండ కర్రలా అవుతుంది. చివర్లో ఒకటి విరిచి చూడాలి, లోపల ఎర్రదనం అస్సలు ఉండకూడదు.

ఒరెగానో పొడి అని రాశారు. కాశీబుగ్గలో వెతికితే దొరుకుతుందేమో గానీ మా మేడ మీద కుండీలో వామాకు ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని కూడా ఒక రకం ఒరెగానో అనే పిలుస్తారు, ఘాటు దగ్గర దగ్గరగా ఉంటుంది. మూడు ఆకులు, గుప్పెడు పుదీనా సన్నగా తరిగి వేస్తే చాలు. పక్కన పెట్టుకునే జాజికీకి (గ్రీకుల పెరుగు పచ్చడి) గేదె పెరుగు పల్చటి గుడ్డలో కట్టి, కుళాయికి మూడు గంటలు వేలాడదీసి, పిండిన కీరదోస తురుము, ఒక వెల్లుల్లి రెబ్బ కలిపాను. మా ఆయన దాన్ని ఇప్పుడు పొద్దున్న కూడా అడుగుతున్నారు.

ఇంక "నిశ్చింతగా" అన్న మాట దగ్గరికి వస్తాను.

మూడోసారి చేసిన రాత్రి ఆయన అన్నం పూర్తిగా మానేసి ఐదు ఉండలు, పెరుగు తిన్నారు. షుగర్ తగ్గించడానికి రోజూ వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పట్లాగే వేసుకున్నారు. పదకొండింటికి లేచి కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతున్నా చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. మీటరు పెడితే 64. డెబ్బై దిగితే తక్కువైనట్టే. పంచదార నీళ్లు తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసేదాకా నాకు ఊపిరాడలేదు. మర్నాడు డాక్టరు మాత్ర తగ్గించి రాశారు. అన్నం తగ్గించేముందు మందు సంగతి అడగాలని ఆ వంటకం కింద ఒక్క లైను ఉంటే మాకు ఆ రాత్రి టెన్షన్ తప్పేది.

రెండోది నన్ను ఇంకా బాధపెట్టింది. ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అన్న మాట చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. మా దగ్గర ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల్లోనూ తేలలేదు. మా బావగారికి కిడ్నీలు దెబ్బతిని మూడేళ్లయింది, డయాలసిస్ ఇంకా మొదలుకాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించాక పరీక్షలకి విశాఖ పోయే పని తగ్గింది. రక్తం ఇచ్చి, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వస్తారు. నాలుగోసారి నేను ఉండలు చేసింది ఆ రోజే. ఆయనకి ఉప్పు తగ్గించిన ఆనపకాయ కూర విడిగా వండాను. వాసన వచ్చి, "ఏటమ్మా, నాకు వెయ్యవేటి?" అన్నారు. నేను ఏం చెప్పాలా అని చూస్తుంటే మా ఆయన మూడు ఉండలు ఆయన పళ్లెంలో వేసేసి, "కార్బ్ లేదన్నయ్యా, పేపర్లో వేశారు, నిశ్చింతగా తినొచ్చంట" అన్నారు. మా తోటికోడలు ఏమీ అనకుండా రెండు తీసి తన పళ్లెంలో వేసుకుంది. బావగారు మిగిలినదాన్ని నాలుగు ముక్కలు చేసుకుని చాలాసేపు తిన్నారు.

ఆయన బరువు 55 కిలోలు. రోజు మొత్తం మీద ప్రొటీన్ 35 నుంచి 40 గ్రాముల లోపు ఉండాలని డాక్టరు చెప్పారు. ఒక్కో ఉండలో ఐదు గ్రాములు ఉంటుంది. ఐదు తింటే 25, అంటే రోజులో సగం పైన. ఉప్పు సంగతి చూస్తే మనిషికి రోజుకి ఐదు గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు పైన చల్లమన్న ఫెటా చీజ్ ఉప్పునీళ్లలో ఊరబెట్టేది. అలాగని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాంసం ముట్టకూడదని గీత గీసేసినా తప్పే. మా వీధిలో డయాలసిస్ చేయించుకునే ఆవిడకి ప్రొటీన్ పెంచమని, రోజూ గుడ్డు తెల్లసొన తినమని చెప్పారు. ఒకరికి తగ్గించాలి, ఒకరికి పెంచాలి. అది డాక్టరు చెప్పాల్సిందే తప్ప వంటల పేజీ చూసి తేల్చుకునేది కాదు.

అందుకని నా విన్నపం. షుగర్ వాళ్లకని వంటకం వేసినప్పుడల్లా దాని కింద ఒక్కో వడ్డనకి కార్బోహైడ్రేట్లు ఎంత, ప్రొటీన్ ఎంత, ఉప్పు ఎంత అన్నది వెయ్యండి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఒక లైను, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఒక లైను కలపండి. షుగర్ ముదిరితే కిడ్నీలు కూడా దెబ్బతింటాయి కాబట్టి ఇది ఉద్దానానికే కాదు, అన్ని జిల్లాల ఎడిషన్లకీ కావాలి. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒకరు చదివితే పదిమంది వింటారు, మీరు వేసిన మాటని మాట వరసకి తీసుకోరు.

వచ్చే నెల బావగారు మళ్లీ పరీక్షలకి వస్తారు. ఆయన కోసం రెండు ఉండలు విడిగా కలుపుదామనుకుంటున్నాను, ఆయన డాక్టరు ఇచ్చిన లెక్కలోనే. ఉప్పు తగ్గిస్తే ముద్దకి పట్టు తగ్గుతుంది, తెల్లసొన కొంచెం ఎక్కువ వెయ్యాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా