ఊడ్నడట్టా ట్రిప్: శాటిలైట్ ఫోన్ సంగతి తేల్చాలి

అందరికీ నమస్తే! జులై సెలవుల్లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊడ్నడట్టా ట్రాక్ మీద మారీ నుంచి మార్లా దాకా మన ట్రిప్ ఖాయం. దాదాపు 620 కిలోమీటర్ల మట్టి రోడ్డు, మామూలు ఫోన్‌ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, అందుకే బండికొకటి చొప్పున శాటిలైట్ ఫోన్ అద్దెకు తీసుకుందాం. ఒక్క ట్రిప్ కోసం కొనడం దండగ.

శాటిలైట్ ఫోన్ నెట్‌వర్కుల్లో నా ఓటు ఇరిడియంకే. దాని 66 ఉపగ్రహాలు తక్కువ ఎత్తులో తిరుగుతూనే ఉంటాయి, నెత్తిమీద ఆకాశం తెరిపిగా ఉంటే చాలు. ఇన్మార్‌శాట్ కూడా పనిచేస్తుంది గానీ యాంటెన్నాను ఉపగ్రహం వైపు తిప్పి పట్టుకోవాలి, టెన్షన్‌లో ఉన్నప్పుడు అదో తలనొప్పి. ఎవరైనా తురాయా సెట్ చవగ్గా ఇస్తామంటే వద్దనేయండి, 2024 ఏప్రిల్‌లో దాని ఉపగ్రహం పాడయ్యాక ఆస్ట్రేలియాలో కవరేజీ పోయింది.

ఐఫోన్ 14, ఆపై మోడల్ ఉన్నవాళ్లు శాటిలైట్ ఎస్ఓఎస్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే సదుపాయం) డెమో బయలుదేరే ముందే ఆరుబయట ఒకసారి చేసి చూడండి. అందులో మెసేజ్‌లే, మాట్లాడటం కుదరదు.

ఆదివారం లోపు:
ఏ ఫోనో మీ ఓటు ఇక్కడే పెట్టండి.
అద్దెలో మీ వాటా పంపండి.
ఇంట్లోవాళ్ల నంబర్లు +61, +91 కోడ్‌తో సహా ఇవ్వండి.

మర్చిపోవద్దు: సొంత శాటిలైట్ ఫోన్ ఉన్నవాళ్లు ఇండియా వెళ్లేటప్పుడు దాన్ని బ్యాగులో పెట్టుకోకండి, అనుమతి లేకపోతే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.