హిల్లరీ వంతెన దాటించిన అన్నకు కృతజ్ఞతలు

నేపాల్‌లో ఎవరెస్ట్ దారిలోని లుక్లా ఊరి నుంచి నామ్చే బజార్ ఊరికి నడుస్తూ, దూధ్‌కోశి నదిపై వేలాడే హిల్లరీ వంతెన నడుమకు చేరేసరికి నా కాళ్లు కదలలేదు. కాళ్ల కింది ఇనుప జాలీ సందుల్లోంచి తెల్లటి నురగ కనిపిస్తోంది; ఎదుటి ఒడ్డున బరువులు మోసే పశువుల మెడగంటలు మోగుతున్నాయి. అప్పటికే అవతలికి చేరిన ఒక నేపాలీ కూలీ అన్న, మూట దించి, చేయెత్తి ఆ మందను ఆపించి, నా కోసం వెనక్కి వచ్చారు. నుదుటికి తగిలించుకునే నామ్లో పట్టీ కొసను నా చేతికిచ్చి, కిందికి కాక తన ముఖంలోకే చూడమని సైగ చేసి, తాను వెనక్కి అడుగులు వేస్తూ నన్ను గట్టు చేర్చారు. (బరువు మోసినవారు ఆయన, ఆయాసపడింది నేను!) డబ్బు ఇవ్వబోతే నవ్వి, మూట ఎత్తుకుని, 3,440 మీటర్ల ఎత్తున ఉన్న నామ్చే వైపు ఎక్కుతూ కనుమరుగయ్యారు. అన్నా, కంగారులో మీ పేరైనా అడగలేదు. మీకు నా హృదయపూర్వక నమస్కారాలు.