చైనీస్ స్కూలు గురించి ఆదివారం మాట్లాడుకుందాం

కౌలాలంపూర్ తెలుగు అమ్మానాన్నలందరికీ నమస్కారం 🙏

పిల్లల్ని ఎస్‌జేకేసీలో (చైనీస్ మీడియం ప్రైమరీ స్కూల్లో) వేయాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు. ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మా ఇంట్లో కూర్చుందాం.

వచ్చేలోపు మీ ఇంటికి దగ్గర్లో ఉన్న చైనీస్ స్కూలు ఒకసారి చూసి రండి. వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి అక్కడి తల్లిదండ్రులతో మాట్లాడితే చాలా తెలుస్తుంది.

అక్కడ చదువు మాండరిన్‌లో. మలయ్, ఇంగ్లీషు సబ్జెక్టులుగా ఉంటాయి. మా పాపకి ఒకటో తరగతిలో లెక్క వచ్చేది, ప్రశ్న చదవడం వచ్చేది కాదు. మాకూ చైనీస్ రాదు. రాత్రి 9 దాటినా హోంవర్కు తెమిలేది కాదు, పాప ఏడ్చేది. అందుకే ముందు చైనీస్ కిండర్‌గార్టెన్‌కి పంపకుండా నేరుగా వేయొద్దంటాను. ట్యూషన్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

6 ఏళ్ల ప్రైమరీ అయ్యాక ప్రభుత్వ సెకండరీకి వెళ్తే అక్కడ మలయ్ మీడియం. మలయ్‌ని మాత్రం వదిలేయకండి.

తమిళ స్కూలు, మలయ్ స్కూలు ఆలోచిస్తున్నవాళ్లూ రండి.

శుక్రవారంలోగా మీ పేరు, పిల్లల వయసు ఇక్కడ పెట్టండి. పిల్లల్నీ తీసుకురండి, ఆడుకుంటారు.